పెళ్ళికొడుకు గొంతు మీది ఎరుపు

జూన్ 24

ఇవాళా పడలేదు. కెమెరాలో ఉన్నవి — పిట్టలకి తీపినీళ్ళు పోసి వేలాడదీసే ఫీడరు, ఫీడరు, ఖాళీ ఫీడరు, నా బొటనవేలు.

ఏలూరులో ఏళ్ళ తరబడి ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి. ఏడ్చే పిల్లల్ని, ఎస్సైలని, తాగొచ్చిన మేనమామల్ని స్టూలు మీద కూర్చోబెట్టి ‘కదలకండి’ అంటే రెప్ప కూడా వేయకుండా కూర్చున్నారు. అమెరికా వచ్చి బొటనవేలంత పిట్ట దగ్గర పరువు పోతోంది. ‘కదలకండి’ అని దీనికి ఏ భాషలో చెప్పాలి?

వంటింట్లోంచి మా ఆవిడ సత్యవతి — “పడిందా?”

“లేదు.”

“మరేం పర్లేదు. మొహమాటపడకుండా రేపు కూడా కూర్చోండి.”

ఎగతాళి.

జూన్ 25

ఎందుకీ తిప్పలు అంటే — ఆవిడ అడిగింది గనక. మా కాపురంలో ఆవిడ నోరు తెరిచి ఇది కావాలని అడగడం అరుదు. చీర కావాలని కూడా అడగలేదు. ఇప్పుడు అడిగింది, ఓ పిట్ట ఫోటో.

వచ్చిన వారంలోనే మా అమ్మాయి ప్రసన్న చెప్పింది. ఇది హమ్మింగ్‌బర్డ్ అమ్మా, మగదానికి గొంతు మీద రెడ్ ఉంటుంది, భలే షైన్ అవుతుంది అని. అప్పట్నుంచీ పట్టుకుంది. ఆ ఎరుపు చూడాలిట.

చూడలేదు. రెండు కళ్ళకీ నడిమి చూపు పోతోంది. చుట్టూ ఉంది, మధ్యలో లేదు. “మధ్యలో ఎవరో మసిగుడ్డ అడ్డం పెట్టినట్టుందండీ” అంటుంది. పిట్ట పక్కనుంచి వచ్చేటప్పుడు కంటి కొసన పట్టేస్తుంది, నాకంటే ముందే. ఇష్టంగా అటు తిరిగిందా — మసిగుడ్డలో పడిపోతుంది. ఫోటో తీస్తే హాల్లో ఆ పెద్ద టీవీ మీద వేసుకుని, దగ్గరగా కూర్చుని, ఓరకంటితో తీరిగ్గా చూస్తానంది.

బెజవాడ డాక్టరు మాట — ఉన్నది కాపాడదాం, పోయింది తేలేం. సెప్టెంబరులో తిరుగు ప్రయాణం. అప్పటికి ఎంత మిగులుతుందో. భయంగా ఉంది. ఆవిడతో అనను.

జూన్ 27

ఇవాళ వచ్చింది. చూశాను కూడా, నిప్పురవ్వ ఎగిరినట్టు ఒక్క క్షణం. కెమెరా కంటి దగ్గరికి తెచ్చేసరికి లేదు.

“ఏ ఎరుపండీ?”

“ఎరుపే.”

“ఎరుపంటే? కుంకుమా, మందారమా, పండుమిరపా, దానిమ్మ గింజా?”

“ఎరుపేనే తల్లీ!”

“మీకు రంగులెప్పుడు తెలిశాయి గనక.”

నిజమే. మా స్టూడియోలో నాది నలుపూ తెలుపూ. రంగు ఆవిడది. మా నాన్న దగ్గర నేర్చుకుంది, పెళ్ళైన ఏడాదికే. నెగటివు మీద సన్నటి పెన్సిల్‌తో అమ్మవారి మచ్చలు మాయం చేసేది. ప్రింటు మీద బుగ్గకి గులాబీ, చీర అంచుకి పసుపు, నుదుట బొట్టు. ఊళ్ళో సగంమంది పెళ్ళికూతుళ్ళ బుగ్గలు ఈవిడ పెట్టినవే. కుంచె మొన పెదవి మీద తడుపుకునేది, కింది పెదవికి ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఊరందరి మొహాలూ బాగుచేసిన కళ్ళు. వాటికే రావాలా ఈ జబ్బు? దేవుడికి ఇంకెవరూ దొరకలేదా?

జూన్ 30

దానికి పేరు పెట్టింది. పెళ్ళికొడుకు.

ఎందుకే అంటే — “ఎర్ర కండువా. అందరూ వాడికోసం కాసుకుని కూర్చోవాలి. వస్తాడో రాడో చెప్పడు. వచ్చినా ఓ చోట నిలబడడు. పెళ్ళికొడుకు కాక ఇంకేమిటి?”

ఆ మాటకొస్తే మా పెళ్ళిలో నేను బుద్ధిగానే నిలబడ్డాను.

జూలై 2

మనవరాలు అనన్య నన్ను చాటుగా అడిగింది. “తాతా, అమ్మమ్మ ఎందుకు నా ఇయర్‌ని చూసి మాట్లాడుతుంది?”

చెవి వైపు చూస్తేనే నీ మొహం కనబడుతుందమ్మా అన్నాను. సాయంత్రం చూస్తే అమ్మమ్మ ఎదురుగా కాకుండా పక్కగా వచ్చి కూర్చుని కబుర్లు చెబుతోంది. బంగారు తల్లి.

బొట్టు మాత్రం నేనే సరిచేస్తున్నాను. తడుముకుని పెట్టుకుంటుంది, కాస్త ఎడమకి పోతుంది. పొద్దున్న కాఫీ ముందు ఓసారి గడ్డం పట్టుకుని సవరించడం అలవాటైంది. పూర్వం లేని సరసం ఇది. “ఈ వయసులో ఏమిటండీ” అంటుంది. మొహం మాత్రం తిప్పుకోదు.

జూలై 5

రాలేదు. నిన్న వీళ్ళ స్వాతంత్ర్య దినం, రాత్రి ఊరంతా బాణసంచా. జడుసుకున్నాడు.

జూలై 6

ప్రసన్నతో చిన్న యుద్ధం.

“నాన్నా, బర్స్ట్ మోడ్‌లో పెట్టు. బటన్ నొక్కి హోల్డ్ చేస్తే చాలు, ఒకేసారి ఫిఫ్టీ వస్తాయి. బెస్ట్ ఒకటి ఉంచుకుని మిగతావి డిలీట్ చేసెయ్.”

తాతకు దగ్గులు నేర్పుతోంది. యాభై కొట్టి ఒకటి ఏరుకోవడం ఫోటో తీయడమా? వలేసి చేపలు పట్టడం అది. ఒక మొహానికి ఒక్క ఫిల్ము — మా నాన్న నేర్పింది అదే. ఫిల్ము ఖరీదు. సరిగ్గా చూసి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి నొక్కాలి.

“ఇప్పుడు ఫిల్మ్ లేదు కదా నాన్నా!”

అది నాకూ తెలుసు. వేలికి తెలియదు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, అని సత్యవతి గోడకి చెప్పింది.

జూలై 9

కొత్త పద్ధతి. పెరటి వైపు చెక్క అరుగు, వీళ్ళు డెక్ అంటారు, దాని మీద రెండు కుర్చీలు. నేను ఫీడరు వైపు, స్టాండు మీద అల్లుడి కెమెరా. ఆవిడ పక్కకి తిరిగి కంచె వైపు — అలా కూర్చుంటేనే ఫీడరు కంటి కొసలో ఉంటుందిట. చూసేవాళ్ళకి పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాల్లా ఉంటాం.

“వచ్చాడు! ఎడమ!”

నొక్కాను. ఆకులు.

“వచ్చాడు! పైన!”

నొక్కాను. ఆకాశం.

రెక్కల చప్పుడు మాత్రం బాగా వినిపించింది, బొంగరం జోరుగా తిరుగుతున్నట్టు. పిట్ట పడకపోయినా పూట బాగా గడిచింది. స్టూడియో మూసేశాక ఇద్దరం ఒక పని మీద కూర్చోవడం ఇదే.

జూలై 12

ఫీడరులో పంచదార నీళ్ళు అయిపోయాయి. ప్రసన్నా వాళ్ళూ అనన్య ఈత పోటీలకి వెళ్ళారు. నేను పంచదార డబ్బా తీస్తుంటే సత్యవతి అడ్డం.

“ఉత్త పంచదార నీళ్ళేమిటండీ, ఆస్పత్రిలోలాగా. మగపెళ్ళివారొస్తే పానకం ఇస్తాం గానీ పంచదార నీళ్ళిస్తామా? మర్యాదొద్దూ!”

బెల్లం తరిగింది. నీళ్ళలో కరిగించింది, వడగట్టింది. యాలకులు దంచి వేసింది. మిరియాలు వేయబోతే నేనే ఆపాను, ముక్కు మండుతుందేమోనని. అదొక్కటే నేను చేసిన మంచి పని. నేనూ ఒక గ్లాసు తాగాను. బ్రహ్మాండంగా ఉంది.

జూలై 14

చీమలు. తీగ పట్టుకుని బారులు తీరి పెళ్ళివారిలా వచ్చాయి. పెళ్ళికొడుకు తప్ప అందరూ వచ్చారు.

జూలై 15

రాలేదు.

జూలై 17

పక్కింటి లిండా గారు కంచె మీంచి చూసి, చేతిలో నీళ్ళ గొట్టం కిందపడేసి వచ్చింది. ఫీడరు వాసన చూసింది. ఏం పోశారంది. బెల్లానికి ఇంగ్లీషు ఏమిటో నాకు తోచలేదు, లోపల్నుంచి దిమ్మ తెచ్చి చూపించాను. “నో, నో, నో” — మూడు సార్లు, దిమ్మని చూసి భయపడినట్టు. తెల్ల పంచదార, నీళ్ళు, అంతే. బెల్లంలో ఉండే ఇనుము దానికి పడదట. ఒంట్లో చేరితే ప్రాణానికే ముప్పట.

ఆ ఆఖరి మాట సత్యవతికి చెప్పకూడదనుకున్నాను. ఇంగ్లీషు రాకపోయినా లిండా మొహం కంటి కొసన చూసేసింది.

“చచ్చిపోతాడుటా?”

జూలై 18

ఫీడరు వేడినీళ్ళతో కడిగి కడిగి, ఎండబెట్టి, తెల్ల పంచదార పోసి కట్టాను. చేతులు కాలాక ఆకులు.

ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. “నా చేత్తో పోశానండీ. చూడాలని ఆశపడి చంపుకున్నానేమో.”

“నోర్ముయ్. ఒక గుక్క తాగి నచ్చక వెళ్ళిపోయుంటాడు. పెళ్ళికొడుకులకి అలక మామూలే.”

నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, గరాజులోకి వెళ్ళి స్టాండు తుడిచాను.

జూలై 20

రాలేదు. కంచె వైపు కుర్చీలో కూర్చునే ఉంది, ఎండలో. రమ్మంటే రాదు.

జూలై 23

వచ్చింది! చప్పుడు విని ఇద్దరం లేచాం. ఫీడరు మీద వాలింది కూడా, ఎంచక్కా. నొక్కాను. పడింది! నా జన్మ ధన్యం అనుకుంటూ పెద్దది చేసి చూస్తే — గొంతు తెల్లగా ఉంది. ఇది ఆడది.

“పెళ్ళికూతురొచ్చింది” అన్నాను.

“వాడేడి మరి?”



జూలై 27

లిండా గారు చెప్పింది, మగవి ముందే వెళ్ళిపోతాయట దక్షిణానికి. ఆగస్టు వచ్చేసరికి ఒక్కొక్కటే బయల్దేరతాయి, ఆడవీ పిల్లలూ తర్వాత. అంటే చచ్చిపోయి ఉండనక్కర్లేదు, వెళ్ళిపోయి ఉండొచ్చు. సత్యవతికి చెప్పాను.

“వెళ్ళిపోయుంటే చాలండీ. నాకు కనబడకపోయినా పర్లేదు.”

కంచె వైపు కుర్చీ జరుపుకుంటూ — “అయినా ఇంకా జూలైయేగా?”

ఆశ చావదు మనిషికి.

ఆగస్టు 1

టీ పోస్తుంటే కప్పు పక్కన పోసింది. తుడిచేసి ఏమీ జరగనట్టు కూర్చుంది. నేనూ చూడనట్టు పేపరు తిప్పాను. కుడి కంటి చూపు ఇంకా దిగుతోంది. పోయిన నెల ఇంత లేదు.

ఆగస్టు 8

ఎలా జరిగిందో అలాగే రాసుకోవాలి.

శ్రావణ శుక్రవారం. ప్రసన్న సెలవు పెట్టి అమ్మవారి పూజ చేయించింది. సత్యవతి ఎర్రంచు పట్టుచీర కట్టింది. బొట్టు నన్నే పెట్టమంది — పండగ కదా, కుంకుమ, రూపాయి బిళ్ళంత పెట్టాను, సరిగ్గా మధ్యలో. పూజయ్యాక పొగకి కళ్ళు మండుతున్నాయని డెక్ మీదికొచ్చి నిలబడింది. నేను అలవాటు కొద్దీ కెమెరా ముందు. మరీ అంత ఆశ ఏమీ లేదు.

చప్పుడు. బొంగరం.

ఫీడరు దగ్గరికి పోలేదు. తిన్నగా ఆవిడ మొహం మీదికొచ్చాడు. వాడే! ఎర్ర గొంతువాడే! నుదుటికి జానెడు దూరంలో గాల్లో ఆగాడు. బొట్టు చూసుకుంటున్నాడు! పువ్వనుకున్నాడో ఏమో, ఓరి నీ దుంప తెగ, ముక్కు అటు చాచి ఇటు చాచి…

ప్రసన్న గుమ్మంలో బొమ్మలా నిలబడిపోయింది. నేను ‘కదలకు’ అనబోయాను. అక్కర్లేకపోయింది. ఇన్నేళ్ళు ఆ మాట నా పక్కన నిలబడి విన్నది. కదల్లేదు. మెల్లిగా, చాలా మెల్లిగా, మొహం కాస్త పక్కకి తిప్పింది — అనన్య చెవి చూసినట్టే. వాణ్ణి కంటి కొసలోకి తెచ్చుకుంది.

ఊపిరి బిగబట్టాను. ఒక్కసారి నొక్కాను.

వెళ్ళిపోయాడు.

“చెంపకి గాలి తగిలిందండీ” అంది. కళ్ళమ్మట నీళ్ళు. “చూశాను. చూశానండీ.”

“బతికే ఉన్నాడమ్మా” అంటూ ప్రసన్న వాళ్ళమ్మని కావలించుకుని ఏడ్చేసింది. నేను కెమెరా సర్దుకుంటున్నట్టు నటించాను.

ఆగస్టు 9

టీవీ మీద వేశాం. పడింది. నా ఆయుష్షులో ఇంత మంచి ఫోటో తీయలేదు — పిట్ట కన్ను, ఈక ఈకా, ఆవిడ ముక్కుపుడక, అన్నీ కత్తిలా ఉన్నాయి. ఊరందరినీ తీశాను గానీ ఆవిడ ఫోటో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. ఆవిడ దాన్ని చూస్తోంది, ఓరగా, నోరు కొద్దిగా తెరిచి, చిన్నపిల్లలా.

గొంతు నలుపు. తారులా.

ప్రసన్న ఫోన్లో చూసి చెప్పింది — “లైట్ ఎదురుగా పడితేనే రెడ్ కనిపిస్తుందట నాన్నా. యాంగిల్ మారితే బ్లాకే.” ఎండ వాడి వెనక ఉంది. నేను ఎండ చూసుకోలేదు. వెలుతురు చూడకుండా మీట నొక్కకురా అని మా నాన్న మొదటి రోజు చెప్పిన పాఠం. యాభై కొట్టి ఉంటే ఒకదాన్లోనైనా మెడ తిరిగి ఎరుపు వచ్చేదేమో. మా అమ్మాయి ఆ మాట అనలేదు. అంటే బాగుండును.

సత్యవతి టీవీకి దగ్గరగా జరిగి, పక్కకి తిరిగి, చాలాసేపు చూసింది.

“మెడ ఎర్రగా వచ్చిందా?”

అబద్ధం ఆడదామనిపించింది. ఎవరితో ఆడతాను, నాకంటే ముందే చూసి ఉంటుంది.

“నల్లగా వచ్చిందే.”

“దానికేముంది. మీరెప్పుడూ నల్లగానే కదా ఇచ్చేవారు నాకు.”

ఆగస్టు 10

పొద్దున్నే హుకుం. మొత్తం నలుపు తెలుపు చేయించి ప్రింటు తెమ్మంది. నున్నటి కాగితం వద్దు, రంగు జారిపోతుంది, గరుకు కాగితం. నల్లటి చోట రంగు ఎక్కదు గనక గొంతు కాస్త తెల్లగా తేల్చాలి. “డార్క్‌రూములో దీపానికి చెయ్యి అడ్డం పెట్టి తేల్చేవారు కదా, అలాగ.”

అల్లుడు కంప్యూటరులో రెండు నొక్కులు నొక్కి తేల్చేశాడు. నా చెయ్యి పూట పూటంతా లాగేసేది ఆ పనికి!

“ఇంతకీ ఏ ఎరుపే?” అడిగాను.

“కలిపి చూపిస్తాను. మీకు చెబితే తెలుస్తుందా?”

ఆగస్టు 13

మందుల షాపులోనే ఫోటోలు కూడా వేసిస్తారు ఇక్కడ. గరుకు కాగితం మీద మూడు తెచ్చాను. ప్రసన్న రంగులు తెప్పించింది. సత్యవతి మూత తీసి వాసన చూసి పెదవి విరిచింది, మన రంగుల వాసన కాదుట.

ఆగస్టు 14

రోజంతా ఎరుపు కలపడం. పాత కాగితాల మీద చుక్కలు. ఇది కుంకుమ, కాదు. ఇది పారాణి, దగ్గరికొచ్చింది, కాదు. చివరికి ఒకదాని దగ్గర ఆగింది. “తాంబూలం బాగా పండిన నాలుక. పైన ఒక పిసరు నారింజ.” చుక్క పెట్టి కాగితం వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. అదేనంది.

కింది పెదవి మీద ఎర్ర మరక. ఎన్నాళ్ళకి చూశానో. అక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఇంటినిండా జనం.

ఆగస్టు 17

మొదటి ప్రింటు పోయింది. గొంతు ఆవగింజంత లేదు. చుక్క ముక్కు మీద పడింది.

ఆగస్టు 18

రెండోది. ఇంకా దూరం పోయింది, ఆవిడ చెంప మీద. కుంచె పడేసి లేచి వెళ్ళిపోయింది. తలుపు వేసుకుంది. చివరికి లోపల్నుంచి — “ఆ ఒక్క చుక్కా పెట్టలేనా నేను?”

గడప దగ్గర కూర్చున్నాను.

ఆగస్టు 20

మగవి వెళ్ళిపోయాయంటోంది లిండా గారు. ఫీడరు మీద ఆడదే వస్తోంది ఇప్పుడు.

ఆగస్టు 21

తనే వచ్చింది. మూడో ప్రింటు బల్ల మీద పెట్టమంది, కిటికీ దగ్గర. కుంచె పట్టుకుని మొహం పక్కకి తిప్పుకుని కూర్చుంది.

“చెయ్యి పట్టుకోండి.”

స్టూడియోలో పని చేస్తుంటే బల్ల తగిలితేనే కేకలేసేది. చెయ్యి తాకనిచ్చిందే లేదు. మణికట్టు పట్టుకున్నాను. ఎంత సన్నబడిపోయిందో అప్పుడు తెలిసింది. పిట్ట గొంతు దగ్గరికి తీసుకెళ్ళాను. వెంట్రుకవాసి పైన ఆగాం. ఇదే ఆఖరి ప్రింటు.

“ఇవాళ వద్దులెండి” అంది. “వెలుతురు తగ్గింది. రేపు పొద్దున్న.”

వెలుతురు బాగానే ఉంది. సరేనన్నాను.

“గొంతు నేను పెడతాను. ఫోటోలో నా బొట్టు మీరు పెట్టండి.”

“నేనెప్పుడు కుంచె పట్టానే?”

“రోజూ పెడుతూనే ఉన్నారుగా. అదే చోట.”

రంగు కలిపిన సాసర్ మీద తడిగుడ్డ కప్పి పడుకుంది. ఇప్పుడే గుడ్డ ఎత్తి చూశాను. నాకు ఎరుపులాగే ఉంది.